గనిలో గాలి: జాన్ స్కాట్ హాల్డేన్

సికింద్రాబాదు నుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో డోర్నకల్ ఒక ముఖ్యమైన కూడలి. అక్కడ ప్రధానమార్గం నుండి చీలిన ఒక శాఖ కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు సాగిపోతుంది. ప్రయాణికుల సౌకర్యం తరువాతి మాట. ఆ దిక్కుకు పట్టాలు పడింది బొగ్గు కోసం. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు సమీపాన బొగ్గు నిక్షేపాలున్నాయని కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులను పొందింది. 1889లో తవ్వకం ఆరంభమైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా రూపుదాల్చింది. నాటినుండి డోర్నకల్ మీదుగా ఎన్ని వేల బొగ్గుబండ్లు సాగిపోయాయో లెక్కించడం కష్టం. బండి నిండా ఉన్న బొగ్గు అందరికీ కనిపిస్తుంది. ఆ బొగ్గును తవ్విన మనిషి దగ్గరికి భూగర్భంలో చేరిన గాలి మాత్రం ఎవరికీ కనిపించదు.

భూగర్భ గనిని మన ప్రాంతపు కార్మికులు బాయి అంటారు. నీళ్ల బావిలో దిగినవానికి తల ఎత్తితే ఆకాశం కనిపిస్తుంది. బొగ్గుబాయిలో దిగినవానికి ఆ అదృష్టం లేదు. అతడు దిగిన తరువాత బొగ్గుపొర వెంబడి చాలా దూరం చీకటిలో నడిచి పోవాలి. అంత దూరానికి గాలి తనంతట తాను చాలినంతగా రాదు. అందువల్ల ఒక దారిన మంచిగాలి లోనికి వచ్చేటట్లు, పనిస్థలాలన్నింటినీ తాకి, చెడిన గాలి మరొక దారిన వెలుపలికి పోయేటట్లు ఏర్పాటు చేస్తారు. గని ముఖాన అమర్చిన పెద్ద పంకా ఈ గాలిని రాత్రింబవళ్లు లాగుతూ ఉంటుంది. పండుగనాడు తవ్వకం ఆగవచ్చును గాని పంకా ఆగదు. భూగర్భ గని వాడుకునే విద్యుత్తులో ఒక పెద్ద వాటా ఈ పంకాకే ఖర్చవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఎంత గాలి పంపాలి? తక్కువైతే మనిషి ప్రాణానికి ముప్పు. ఎక్కువైతే శక్తి వృథా. మనిషికి ఏది చాలు, ఏది చాలదు అన్న సంగతి తెలియనిదే ఈ లెక్క తేలదు. ఆ సంగతిని తేల్చడానికి తన శరీరాన్నే కొలబద్దగా చేసుకొన్నవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఇల్లందులో తవ్వకం మొదలైన రోజులలోనే, సముద్రాలకావల ఆక్స్‌ఫర్డు నగరంలో ఈ యువవైద్యుడు మనుషులు పీల్చే గాలిని పరీక్షిస్తూ ఉన్నాడు.

హాల్డేన్ 1860 మే నెలలో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో జన్మించాడు. తండ్రి రాబర్ట్ హాల్డేన్ న్యాయవాది. తల్లి మేరీ ఎలిజబెత్. ఆ కుటుంబం విద్యకూ, ప్రజాసేవకూ పేరు పొందినది. అన్న రిచర్డ్ హాల్డేన్ తరువాతి కాలంలో బ్రిటిషు ప్రభుత్వంలో యుద్ధమంత్రిగాను, లార్డ్ ఛాన్సలర్‌గాను పనిచేశాడు. సోదరి ఎలిజబెత్ రచయిత్రి. మేనమామ జాన్ బర్డన్ సాండర్సన్ ఆక్స్‌ఫర్డులో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. హాల్డేన్ వంశచిహ్నం మీద సహించుమనే అర్థమిచ్చే ఒక్క మాట చెక్కి ఉండేదట. తరువాత ఆయన తన శరీరం మీద జరుపుకొన్న ప్రయోగాలను చూస్తే ఆ మాటను ఆయనంత అక్షరాలా పాటించినవారు ఆ వంశంలో మరొకరు ఉండరనిపిస్తుంది.

ఎడింబరో విశ్వవిద్యాలయంలోను, జర్మనీలోని జేనాలోను చదివి, 1884లో ఆయన వైద్యపట్టం పొందాడు. పట్టం చేతికి వచ్చిన తరువాత ఆయన రోగుల మంచాల పక్కన నిలువలేదు. డండీ నగరంలో రసాయనశాస్త్రజ్ఞుడు కార్నెలీతో కలిసి పేదల ఇండ్లలోను, బడిగదులలోను ఉండే గాలిని పరిశీలించాడు. రాత్రివేళ ఒకే గదిలో ఇంటిల్లిపాదీ నిద్రించే ఇండ్లకు పోయి గాలి నమూనాలు సేకరించేవాడు. మురుగుకాలువలలోకి కూడా దిగాడు. గాలి చెడడమంటే ఏమిటి, ఏ పదార్థం ఎంత పెరిగితే చెడినట్లు అన్న విషయాలను ఊహల నుండి అంకెలలోకి తేవడమే ఆయన పట్టుదల. 1887లో ఆయన మేనమామ శాఖలో పనిచేయడానికి ఆక్స్‌ఫర్డు చేరాడు. 1891లో లూయిసా కాథలీన్ ట్రాటర్‌ను వివాహమాడాడు. వారికి ఇద్దరు సంతానం. కుమారుడు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ జన్యుశాస్త్రంలో జగత్ప్రసిద్ధుడయ్యాడు. కుమార్తె నవోమీ మిచిసన్ నవలా రచయిత్రి.

గనుల గాలి మీదికి హాల్డేన్ దృష్టి మళ్లేనాటికి గనికార్మికులకు తెలిసినవి అనుభవంతో వచ్చిన పేర్లు మాత్రమే. మండే గాలికి ఒక పేరు, దీపాన్ని ఆర్పే గాలికి మరొక పేరు, పేలుడు తరువాత మిగిలే గాలికి ఇంకొక పేరు. పేర్లున్నవి గాని వాటి స్వభావం ఎవరికీ స్పష్టంగా తెలియదు. దీపాన్ని ఆర్పే గాలిని కార్మికులు బ్లాక్ డ్యాంప్ అనేవారు. అది బొగ్గుపులుసు వాయువేనని అందరూ నమ్మేవారు. హాల్డేన్ గనులలో నమూనాలు పట్టి విశ్లేషించి, అందులో అత్యధిక భాగం నత్రజని అని, బొగ్గుపులుసు వాయువు కొద్ది వంతు మాత్రమేనని నిరూపించాడు. అంటే అక్కడ కొత్తగా ఏదో విషం ఊరడం లేదు. బొగ్గు, దానితోపాటు ఉన్న ఖనిజాలు గాలిలోని ప్రాణవాయువును తినివేస్తున్నాయి, మిగిలినది నత్రజని. గనిలో బొగ్గు కూడా మనిషి వలెనే ఊపిరి పీలుస్తుందన్నమాట. ఇది చిన్న సంగతిగా కనిపించవచ్చు. కాని గనికి ఎంత గాలి కావాలో లెక్క వేసేటప్పుడు మనుషుల తలలు లెక్కిస్తే చాలదని తెలిసింది ఈ పరిశోధన తరువాతనే.

పేలుడు తరువాత మిగిలే గాలి ఇంకా భయంకరమైనది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని ఎర్రపదార్థాన్ని ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, కాని ఊపిరితో వచ్చిన ప్రాణవాయువుకు రక్తంలో చోటు ఉండదు. 1895లో హాల్డేన్ ఈ వాయువును కొలిచి గాలిలో కలిపి తానే పీల్చాడు. నిర్ణీత సమయాలలో తన రక్తపు చుక్కను తీసి పరీక్షించుకొంటూ, ప్రతి దశలోను తన దృష్టి, నడక, ఆలోచన ఎట్లా ఉన్నవో నమోదు చేశాడు. ఎర్రపదార్థంలో సగానికి పైగా ఆ వాయువు ఆక్రమించే దాకా ప్రయోగాన్ని కొనసాగించాడు. అప్పటికి కాళ్లు నిలువలేని స్థితి. ఇటువంటి సాహసాన్ని ఎవరికీ సిఫారసు చేయలేము. అయితే ఆయన మొండిధైర్యంతో చేసినది కాదిది. ఎంత మోతాదు ఎంతసేపట్లో ఎంత హాని చేస్తుందో అంతకుముందే జంతువుల మీద పరిశీలించి, లెక్క కట్టుకొని, ఆ తరువాతనే తన వంతు తీసుకొన్నాడు.

ఆ మరుసటి సంవత్సరమే ఆ అంకెల అవసరం వచ్చింది. 1896 జనవరి 27న దక్షిణ వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు సంభవించి 57 మంది మరణించారు. హాల్డేన్ అక్కడికి వెళ్లి మృతదేహాలను, గనిలో చనిపోయిన గుర్రాలను పరీక్షించాడు. పేలుడు దెబ్బకు, మంటలకు చనిపోయినవారు తక్కువ. ఎక్కువమంది శరీరాల మీద చెప్పుకోదగిన గాయమే లేదు. ముఖాలు నిద్రపోతున్నవారి ముఖాలవలె ఎర్రగా ఉన్నాయి. వారిని చంపినది కార్బన్ మోనాక్సైడ్. పేలుడు నుండి బతికి, వెలుపలికి దారి వెదుక్కొంటూ వారు కూలిపోయారు. ఆ సంవత్సరమే ఆయన ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక గనుల రక్షణచరిత్రలో ఒక మలుపు. ప్రమాదం జరిగిన తరువాత కూడా మనుషులను బతికించవచ్చునన్న ఆశ ఆ నివేదికతో కలిగింది.

అందుకు ఆయన సూచించిన ఉపాయం మిక్కిలి సులభమైనది. చిన్న ప్రాణులు వేగంగా ఊపిరి పీలుస్తాయి. విషవాయువు వాటి మీద మనిషి కంటె ఎన్నో రెట్లు త్వరగా పనిచేస్తుంది. రక్షకదళం లోనికి దిగేటప్పుడు ఒక ఎలుకనో పక్షినో వెంట తీసుకొని పోతే, అది సొమ్మసిల్లగానే మనిషి వెనుదిరగవచ్చును. చివరకు కేనరీ పక్షి ఈ పనికి స్థిరపడింది. అది వాలిన కమ్మీ మీది నుండి పడిపోవడం మసక వెలుతురులో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. బ్రిటిషు గనులలో ఈ పక్షుల కొలువు 1986 దాకా సాగింది. ఆ పైన ఎలక్ట్రానిక్ పరికరాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఇప్పుడు గనికార్మికుని నడుముకు వేలాడే సెల్ఫ్ రెస్క్యూయర్ అనే చిన్న పరికరం కూడా ఈ విషవాయువు నుండి కాపాడడానికి ఉద్దేశించినదే. మన దేశంలో 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్‌లోని న్యూ కెండా గనిలో నిప్పు పుట్టి 55 మంది మరణించారు. టైలర్స్‌టౌన్‌కూ ఆ గనికీ మధ్య దాదాపు నూరేండ్ల దూరం. ప్రాణాలు తీసినది మాత్రం అదే వాయువు.

గనుల పాఠాలను హాల్డేన్ ఇంటివారికి కూడా నేర్పాడు. కుమారుడు చిన్నవాడుగా ఉన్నప్పుడు ఒకసారి అతనిని వెంటబెట్టుకొని ఒక బొగ్గుగనిలోకి తీసుకొని పోయాడు. పైకప్పుకు దగ్గరగా మీథేన్ పేరుకొన్న చోట బాలుని నిలబెట్టి షేక్స్పియరు నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పుమన్నాడు. కొన్ని పంక్తులు గడిచేసరికి బాలుని మాట తడబడింది, కాళ్లు తేలిపోయాయి, కింద పడిపోయాడు. నేల మీద గాలి బాగానే ఉండడంవల్ల వెంటనే తేరుకొన్నాడు. మీథేన్ గాలికంటె తేలికైనదనీ, అది పైకప్పును ఆశ్రయించి ఉంటుందనీ, దానివల్ల ఊపిరి తక్షణం మండిపోదనీ ఆ బాలుడు మరి మరువలేదు. ఈనాటి తల్లిదండ్రులు ఇటువంటి బోధనాపద్ధతిని మెచ్చుకోకపోవచ్చును.

ఇంగ్లండు పడమటి కొసనున్న కార్న్‌వాల్ తగరపు గనులలో హాల్డేన్ మరొక శత్రువును ఎదుర్కొన్నాడు. అది ఉక్క. 1902లో డోల్కోత్ గనిలోని కార్మికుల రక్తహీనతకు కొంకిపురుగు కారణమని కనుగొన్న తరువాత, అక్కడి వేడిమి మీద ఆయన దృష్టి నిలిచింది. మనిషి వేడిని ఎంతవరకు ఓర్చుకొంటాడన్నది ప్రశ్న. మామూలు ఉష్ణమాపకం ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పదని ఆయన గ్రహించాడు. పొడిగాలిలో ఎంత వేడినైనా చెమట ఆరి శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం ఈ భేదాన్ని చూపుతుంది. దీనినే తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. కదలని గాలిలో ఈ అంకె 31 డిగ్రీల సెల్సియస్ దాటితే శరీరపు వేడి క్రమంగా పెరుగుతూ పోతుందని, గాలి కదులుతూ ఉంటే మనిషి మరికొన్ని డిగ్రీలు తట్టుకోగలడని 1905లో ఆయన ప్రకటించాడు. ఉక్కపోతతో కూడిన మన వేసవి రాత్రులలో విసనకర్ర చేసే మేలు ఏమిటో తెలిసినవారికి ఇది కొత్త కాదు. హాల్డేన్ చేసినది దానికి అంకె కట్టడం.

మన దేశపు బొగ్గుగనుల నిబంధనలను 1957లో రూపొందించినప్పుడు ఈ విధమైన కొలతలే వాటిలో చోటు చేసుకొన్నాయి. పనిస్థలంలో తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటరాదు. 30.5 డిగ్రీలు దాటినచోట గాలి సెకనుకు ఒక మీటరుకు తగ్గకుండా వీచాలి. గాలిలో ప్రాణవాయువు 19 శాతానికి తగ్గరాదు. బొగ్గుపులుసు వాయువు అర శాతాన్ని మించరాదు. ఒక్కొక్క మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు గాని, రోజుకు తీసే ఒక్కొక్క టన్ను బొగ్గుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు గాని, వీటిలో ఏది పెద్దదైతే అంత గాలి అందాలి. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా ఈ కొలతల స్వరూపం మారలేదు.

ఈ చివరి అంకెను కొంచెం విప్పి చూద్దాము. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాముల బరువుంటుంది. నిమిషానికి 2.5 ఘనపు మీటర్ల చొప్పున ఇరవైనాలుగు గంటలకు 3600 ఘనపు మీటర్లు. అంటే నాలుగు టన్నులకు పైగా గాలి. ఒక టన్ను బొగ్గును వెలికి తీయడానికి నాలుగు టన్నుల గాలిని లోపల తిప్పి వెలుపలికి పంపాలి. బొగ్గుగని బొగ్గుకంటె గాలినే ఎక్కువగా మోస్తుందని చెప్పినా అతిశయోక్తి కాదు. ఈ మోతకూలి తక్కువది కాదు. పూర్వపు తరాలలో బ్రిటిషు గనులు ఈ పనికి కొలిమిని ఉపయోగించేవి. గాలి బయటికి పోయే బావి అడుగున బొగ్గు మండించి, వేడెక్కిన గాలి పైకి లేచేటట్లు చేసేవారు. తీసిన బొగ్గులో కొంత గాలి కోసమే కాలిపోయేది. తరువాత కొలిమి పోయి పంకా వచ్చింది. ఇప్పుడు బొగ్గు విద్యుత్కేంద్రంలో కాలి, తీగల మీదుగా మరల గనికే వచ్చి పంకాను తిప్పుతున్నది.

1854లో అట్కిన్సన్ అనే ఇంజనీరు ఈ మోతకూలికి ఒక సూత్రం కట్టాడు. అదే దారిలో గాలిని రెట్టింపు చేయాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు కావాలి; శక్తి ఎనిమిది రెట్లు కావాలి. దీనిని తిరగవేస్తే ఒక శుభవార్త ఉన్నది. పంపే గాలిని అయిదింట ఒక వంతు తగ్గించగలిగితే శక్తి దాదాపు సగానికి దిగుతుంది. అయితే తగ్గించవలసినది ఏ గాలిని? పనిచేసే మనిషికి అందే గాలిని తగ్గించే హక్కు ఎవరికీ లేదు. ఆ కనీసపు గీతను గీసినది హాల్డేన్ వంటివారి పరిశోధనే. తగ్గించవలసినది దారిలో కారిపోయే గాలిని. మంచిగాలి దారికీ చెడుగాలి దారికీ మధ్య ఉన్న గోడలలో పగుళ్లు, సరిగా మూతపడని తలుపులు, వదిలివేసిన పాత దారులు పంకా లాగిన గాలిలో ఎంతో భాగాన్ని మింగివేస్తాయి. గాలి పోయే దారిని వెడల్పు చేయడం, రాలిన బండలు తొలగించడం, గోడలు మూయడం వినడానికి సాధారణమైన పనులు. శక్తిని ఆదా చేసే పనులలో మొదట చేయవలసినవి ఇవే. పంకా వేగాన్ని అవసరానికి తగినట్లు మార్చే విద్యుత్ పరికరాలు, గాలి గుణాన్ని ఎప్పటికప్పుడు తెలిపే సాధనాలు ఆ తరువాతివి. కారే కుండకు ఎంత మంచి మూత పెట్టి ఏమి లాభం?

కారిపోయే గాలి వల్ల ధననష్టం మాత్రమే అయితే ఊరుకోవచ్చును. దానివల్ల నిప్పు పుడుతుంది. ఈ విషయం మీదనే హాల్డేన్ తన జీవితంలోని చివరి భాగాన్ని వెచ్చించాడు. 1912లో డాంకాస్టర్ ప్రాంతపు గనుల యజమానులు స్థాపించిన ప్రయోగశాలకు ఆయన సంచాలకుడయ్యాడు. ఆ ప్రాంతపు బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకొనే స్వభావం గలది. బొగ్గు ప్రాణవాయువును పీల్చుకొన్నప్పుడు కొంత వేడి పుడుతుంది. గాలి ధారాళంగా వీస్తే ఆ వేడి కొట్టుకొనిపోతుంది. గాలి బొత్తిగా రాకుంటే వేడే పుట్టదు. ప్రమాదమంతా ఈ రెంటికీ నడుమ ఉన్నది. తవ్వి వదిలిన చోట మిగిలిన బొగ్గుపొడిలోకి గాలి సన్నగా కారుతూ ఉంటే, వేడి పుట్టడానికి చాలినంత ప్రాణవాయువు అందుతుంది, చల్లార్చడానికి చాలినంత గాలి మాత్రం ఉండదు. హాల్డేన్ సహచరుడైన ఐవన్ గ్రాహమ్ గాలిలో తగ్గిన ప్రాణవాయువుకూ పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కూ గల నిష్పత్తిని చూచి ఈ వేడిని ముందుగా పసిగట్టే విధానాన్ని రూపొందించాడు. పొగ కనిపించకముందే, వాసన రాకముందే సంకేతం అందుతుంది. గ్రాహమ్ నిష్పత్తి అనే పేరుతో మన దేశపు గనుల ఇంజనీర్లు నేటికీ దీనిని ఉపయోగిస్తున్నారు. గోదావరి లోయ బొగ్గుపొరలలో కొన్నింటికి త్వరగా వేడెక్కే గుణం ఉన్నందువల్ల కొత్తగూడెం, రామగుండం, భూపాలపల్లి ప్రాంతాలలో గనులు నడిపేవారికి ఈ అంకె పరాయిది కాదు. మూసివేసిన పాత పనిస్థలం గోడకు పడిన సన్నని బీటను పూడ్చే కార్మికుడు ఏకకాలంలో విద్యుత్తునూ ఆదా చేస్తున్నాడు, నిప్పునూ ఆపుతున్నాడు.

గనుల పని నుండి పుట్టిన జ్ఞానంతో హాల్డేన్ ఇతర రంగాలలోకి కూడా అడుగుపెట్టాడు. ఊపిరి వేగాన్ని శాసించేది రక్తంలోని బొగ్గుపులుసు వాయువేనని 1905లో ప్రీస్ట్లీతో కలిసి నిరూపించాడు. సముద్రగర్భంలో పనిచేసే గజ ఈతగాండ్రు మెల్లమెల్లగా, మెట్లుమెట్లుగా పైకి రావలసిన పద్ధతిని 1908లో పట్టికలుగా ప్రకటించాడు. 1911లో అమెరికాలోని పైక్స్ శిఖరం మీద ఉండి పలుచని గాలిలో శరీరం ఎట్లా సర్దుకొంటుందో పరిశీలించాడు. 1915లో యుద్ధరంగంలో విషవాయువు ప్రయోగం జరిగినప్పుడు ఫ్రాన్సుకు వెళ్లి అది క్లోరిన్ అని గుర్తించడంలో తోడ్పడ్డాడు. ఇంత పేరు వచ్చినా 1913లో ఆక్స్‌ఫర్డు ఆచార్యపీఠం ఆయనకు దక్కలేదు. అది షెరింగ్టన్‌ను వరించింది. హాల్డేన్ విశ్వవిద్యాలయపు ఉద్యోగాన్ని వదిలి, తన ఇంటిలోని ప్రయోగశాలలో, గనుల ప్రయోగశాలలో పని సాగించాడు. ఈ రెండవది 1921లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయానికి తరలినప్పుడు కూడా ఆయనే సంచాలకుడు. గని ఇంజనీరు కాకపోయినా ఆ ఇంజనీర్ల సంస్థ ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. 1934లో రాయల్ సొసైటీ కోప్లీ పతకంతో గౌరవించింది.

అంతటివాడు చెప్పినవన్నీ నిలిచాయని భావించరాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తులకు చేసే కీడును గట్టిగా చెప్పినవాడే, బొగ్గుదుమ్ము అంత హాని చేయదని నమ్మాడు. ఆ నమ్మకం పొరపాటని తరువాతి పరిశోధనలు తేల్చాయి. బొగ్గుదుమ్ము వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధికి బ్రిటన్‌లో 1943లో ప్రత్యేక పరిహార పథకం ఏర్పడింది. వేలాది కార్మికుల దగ్గుకు అంతదాకా తగిన విలువ దక్కలేదు. అదేవిధంగా పంకా వెలుపలికి నెట్టిన మీథేన్‌తో ప్రమాదం తీరిపోయినట్లే ఆ తరం భావించింది. గనిలో పేలే ఆ వాయువు ఆకాశానికి చేరి, నూరేండ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటె ఇరవైఎనిమిది రెట్లు అధికంగా భూమిని వేడెక్కిస్తుందన్నది మన కాలపు ఎరుక.

హాల్డేన్ చివరి ప్రయాణం కూడా వేడి కోసమే. డెబ్బై అయిదేండ్ల వయస్సులో ఆయన పర్షియాకు వెళ్లి, అక్కడి చమురు శుద్ధికేంద్రాలలో వడదెబ్బకు గురవుతున్న కార్మికుల స్థితిని పరిశీలించాడు. తిరిగివచ్చిన కొద్దికాలానికే ఊపిరితిత్తులకు జ్వరం సోకి 1936 మార్చి నెలలో ఆక్స్‌ఫర్డులో మరణించాడు.

కుమారునికి మన దేశంతో బంధం ఏర్పడింది. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1961లో ఇక్కడి పౌరసత్వం స్వీకరించాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. తన శరీరాన్ని వైద్యవిద్యార్థుల అధ్యయనానికి కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించాలని ఆయన ముందే నిర్ణయించాడు. బొగ్గుగని పైకప్పు కింద నాటకపు పంక్తులు చెబుతూ కూలిపోయిన ఆ బాలుని అస్థిపంజరం ఆ కళాశాలలో భద్రంగా ఉన్నది.